విఠల్ మూసిన కిటికీలు

మా సిరిసిల్ల గల్లీలో విఠల్‌ను మించిన పిరికివాడు లేడు. తాడు కనిపిస్తే పామనుకునే రకం. ఆకాశం ఉరిమితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తాడు. నేను ఆశా కార్యకర్తను, పదిహేనేళ్లుగా ఈ గల్లీలోనే బీపీలు చూస్తూ, మందులు పంచుతూ తిరుగుతున్నాను. సూదికి భయపడి దాక్కున్న పిల్లల్ని ఎందరినో చూశాను గానీ, సూది పెళ్లానికి వేస్తుంటే తాను దాక్కున్న మగవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

ఊరికే నవ్వకూడదు, ఆ భయానికి కారణం ఉంది. పదహారో ఏట సాంచల పనికి వచ్చాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. కొత్తలోనే పక్క షెడ్డులో ఒక మోటారు వేడెక్కి మంటలు లేచాయి. నూలంతా బూడిదైంది, అతని దోస్తు చేయి మోచేతిదాకా కాలింది. అప్పటినుంచి ఇరవై ఎనిమిదేళ్లు గంటకోసారి మోటార్ల మీద చేయి పెట్టి చూస్తూనే బతికాడు. వేడంటే అతనికి యముడే.

గిరాకీ లేక సాంచలు పాత ఇనుముకు పోయాయి, షెడ్డు ఖాళీ అయింది. జగిత్యాలలో పుట్టగొడుగుల పెంపకం నేర్పుతున్నారంటే విఠల్, అతని భార్య సరిత రెండు రోజులు వెళ్లి నేర్చుకొచ్చారు. షెడ్డు మూలన కట్టెల చట్రం నిలబెట్టి, చుట్టూ పాలిథిన్ కవరు బిగించి పదడుగుల గది చేశారు. దాన్ని అందరం డబ్బా అనేవాళ్లం. ఉడకబెట్టిన వరిగడ్డి, విత్తనం పొరలు పొరలుగా నింపిన సంచులు అందులో వేలాడేవి. రెండు కిటికీలు, లోపలి వేడి గాలిని బయటికి నెట్టే ఫ్యాను, వేడి చూసుకునే మీటరు ఉండేవి. పొద్దునా సాయంత్రం కిటికీలు తెరిచి ఫ్యాను వేయాలని, తడి మాత్రం ఆరనివ్వొద్దని నేర్పినవాళ్లు మరీ మరీ చెప్పారట. నీళ్లు చల్లడం, కోయడం సరిత పని. రోజులో సగం ఆమె డబ్బాలోనే ఉండేది.

మార్చి దాటేసరికి ఎండలు ముదిరాయి. పైన సిమెంటు రేకులు. మీటరు ముప్పై దాటితే విఠల్‌కు ముచ్చెమటలు పోసేవి. కిటికీలకు తడి గోనెసంచులు కట్టాడు, అంతవరకు మంచిదే. ఆ తర్వాత ఆ కిటికీలనే మూశాడు. సాంచల రోజుల్లో షెడ్డులో గాలి ఆడితే తడి ఆరిపోయి నూలు పోగు తెగుతుందని అన్నీ మూసుకుని పనిచేసిన మనిషి కదా, చేతులు వాటంతటవే అటు పోయాయి. మోటారు వేడెక్కుతుందని ఫ్యాను కూడా ఆపాడు. సరిత తెరిచేది, ఆమె అటు పోగానే ఇతను మూసేవాడు. కొన్నాళ్లకు ఆమె తెరవడం మానేసింది. గోనెలు మాత్రం పొద్దంతా తడుపుతూనే ఉండేవాడు. మీటరు ఇరవై ఎనిమిది చూపిస్తే, జ్వరం దిగిన పిల్లవాడి సంగతి చెప్పినట్టు నాకు ఫోన్ చేసి మరీ చెప్పేవాడు.

ఏప్రిల్‌లో సరితకు దగ్గు పట్టుకుంది. పొద్దున బాగానే ఉండేది. పొద్దుగూకేసరికి చలి, జ్వరం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మా గల్లీలో దగ్గంటే ముందు నాలుక మీదికి వచ్చే మాట టీబీ. తెమడ పరీక్షకు పంపాను. ఫలితం వచ్చేదాకా విఠల్ అన్నం ముట్టలేదు. టీబీ కాదని తెలిశాక ఇంకా ఎక్కువ భయపడ్డాడు. టీబీకైతే మందన్నా ఉంది, పేరు తెలియని రోగానికి ఏముంటుందని నా ముందే గోడకు తల ఆనించి నిలబడ్డాడు. నవ్వాలనిపించలేదు, నాకూ భయం మొదలైంది.

పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఆమె ఏ పని చేస్తుందని అడిగాడు. సరిత నోరు తెరిచేలోపే విఠల్, బీడీలు చేస్తది సార్, అన్నాడు. ఆమె బీడీలు మానేసి ఏడాదైంది. ఇంకో పని చెబితే బీడీ కార్మికులకిచ్చే పింఛను ఆగిపోతుందేమోనని అతని భయం. నా రిజిస్టరులోనూ బీడీలనే ఉంది, నేనూ నోరు మెదపలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. పొగాకు దుమ్ము ఒంటికి పడలేదు, బీడీలు మానమని చెప్పి డాక్టరు మందులు రాశాడు. ఎప్పుడో మానేసిన పనిని ఇంకోసారి మాని ఆమె ఇంటికొచ్చింది.

మందులతో దగ్గు తగ్గలేదు. ఇల్లు కొలిమిలా ఉంది, ఆమెకు ఆ వేడికి ఇంకా ఆయాసమొస్తోందని విఠల్ అనుకున్నాడు. ఉన్నంతలో చల్లగా ఉండేది డబ్బా ఒక్కటే. ప్రేమకొద్దీ ఆమె మంచం తీసుకెళ్లి అందులో వేశాడు.

మూడో రోజు, కోసినవాటిని కోరుట్లలో హోటల్ నడిపే బుర్హానుద్దీన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఒక ప్యాకెట్ విప్పి, ఒక పుట్టగొడుగును వెలుతురులో తిప్పి చూశాడట.

"కాడలేమో గింత పొడుగు, గొడుగులేమో గుండీలంత. గాలి కోసం మెడలు సాపినయ్ విఠల్. నీ డబ్బల ఊపిరాడ్తలేదు."

మధ్యాహ్నం రెండింటికి నా ఫోన్ మోగింది. అవతల బస్టాండు చప్పుడు, మధ్యలో విఠల్ గొంతు.

"అక్కా, సరితను బయటికి గుంజు. డబ్బల పండుకున్నది. కిటికీలు మూసున్నయ్."

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. ఎన్నోసార్లు ఆ వాకిట్లోకి వచ్చాను గానీ డబ్బా తలుపు తీయడం అదే మొదటిసారి. లోపల చల్లగా ఉంది, ముక్కులోకి మట్టివాసన గుప్పున కొట్టింది. ఫోన్ లైటు వేస్తే పిండి జల్లెడ పట్టినట్టు గాలి నిండా తెల్లని దుమ్ము. పుట్టగొడుగులు రాల్చే దుమ్మది. దుప్పటి మీద, ఆమె జుట్టు మీద కూడా పేరుకుంది. పిలిస్తే కళ్లు తెరిచింది, మాట రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. చనిపోతుందనే అనుకున్నాను. పక్కింటి రాజలింగాన్ని కేకేసి, ఇద్దరం మంచంతో సహా వాకిట్లోకి లాగాం. 108 వచ్చేదాకా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను.

విఠల్ ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. సరిత మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. డాక్టరు కాగితాలు తిరగేస్తూ, బీడీలు ఇంకా మానలేదా అని గట్టిగా అడిగాడు. నేను చెబుదామని లేచాను, కానీ అతనే ముందుకొచ్చాడు.

"బీడీలు గాదు సార్, పుట్టగొడుగులు. గాలి రాకుండ కిటికీలు మూసింది నేనే. ఆమె మంచం గూడ నేనే అండ్ల ఏసిన."

ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు వాచాయని, సంగతి తెలిసింది కాబట్టి మందు మారిస్తే తగ్గుతుందని, ఇక ఆ గదిలో ఆమె అడుగు పెట్టకూడదని డాక్టరు చెప్పాడు. మొదటి రోజే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని కూడా అన్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం, అందులో నా చేయీ ఉంది.

డాక్టరు వెళ్లాక సరిత మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"నువ్వు మూస్తున్నవని నాకు ఎప్పుడో తెల్సు. నాకు లోపల ఊపిరాడకపోతుండె. తెరిస్తె నువ్వు భయపడ్తవని ఊకున్న."

విఠల్ ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుండిపోయాడు. నర్సు వచ్చి మాస్కు సరిచేసి, ఇక మాట్లాడొద్దని చెప్పింది.