కంటింజెన్సీ వాళ్ళ రుబ్బురోలు

నానిన మినప్పప్పు వాసన వంటింట్లోంచి వస్తే చాలు, నా కాళ్ళు వాటంతటవే ముందుకు చాచుకుంటాయి. గట్టుమీద గ్రైండరు గుర్రుమని తిరుగుతూ తిరుగుతూ మెల్లగా పక్కకి జరుగుతుంది. మా కోడలు దాని కింద గుడ్డ మడిచిపెట్టి, "దీన్ని మార్చేద్దాం అత్తయ్యా" అంటుంది. జరిగే రోలుతో నాకున్న చుట్టరికం ఆ పిల్లకేం తెలుసు.

మైపాడులో, సముద్రానికి కూతవేటు దూరంలో, సర్కారు బంగళా ఒకటి ఉండేది. మా నాయన దానికి కాపలా. ఆ ఉద్యోగాన్ని ఆఫీసులో కంటింజెన్సీ అనేవాళ్ళు. ఏటా మార్చి ఆఖరుకి నెల్లూరినుంచి, ఇంకో ఏడాది ఉండొచ్చని కాగితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకుంటే మూటాముల్లె సర్దుకోవలసిందే. బంగళా వెనక మేముండే మట్టినేల గది కూడా ఆ కాగితం మీద ఆధారపడిందే. ఊళ్ళో మా ఇంటిపేరు ఎప్పుడో మరుగున పడిపోయింది, మేము కంటింజెన్సీ వాళ్ళం అయిపోయాం.

ఒకసారి తనిఖీకొచ్చిన గుమాస్తాను అమ్మ తలుపుచాటు నుంచే ఆ మాటకి అర్థమేమిటని అడిగింది. అక్కర వస్తే ఉండేది, రాకపోతే లేనిది, వస్తుందో రాదో ముందుగా ఎవరూ చెప్పలేనిది అని ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. చేపల గంపతో అరుగుమీద కూర్చున్న పోలమ్మ అదంతా చెవినేసుకుని, "అయితే మా సముద్రం గూడా కంటింజెన్సీనేలే అక్కా" అనేసింది. ఇక చూడండి, వారం తిరక్కుండా ఆ మాట చేపలవాళ్ళుండే పట్టపుపాలెమంతా పాకింది. నెల్లూరు బస్సు కంటింజెన్సీ, పొదిగిన కోడి కింద గుడ్లు కంటింజెన్సీ, చూసిపోయి కబురు పెట్టని పెళ్ళికొడుకు కంటింజెన్సీ. వలలు లాగేవాళ్ళు మబ్బుకేసి చూసి, ఈ పూట గాలి కంటింజెన్సీగా ఉందిరా అనుకునేవాళ్ళు.

నవ్వులాట సరే, ఇంట్లో మాత్రం ఆ మాట మాతోబాటే కంచం ముందు కూర్చునేది. అమ్మ కొబ్బరిపిల్ల నాటలేదు, అది కాపుకొచ్చేనాటికి మనమెక్కడుంటామో అని. సొర, చిక్కుడు, కాకర, అవీ ఓటికుండల్లో, పొమ్మంటే ఎత్తుకుపోయేట్టు. వానాకాలం తూర్పుగాలికి ఆ కుండలన్నీ గదిలోకి చేరితే మేము చిక్కుడు తీగల మధ్య ముడుచుకుని, సరుగుడాకు పొగ పీలుస్తూ, మెత్తళ్ళ పులుసు ముద్దలు మింగుతూ సముద్రం హోరు వినేవాళ్ళం. ఎంత సుఖంగా ఉండేదో ఆ ఇరుకు. అమ్మకి మాత్రం ఒకటే కొరత, రుబ్బురోలు కుదురుగా లేదని.

అది అమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చింది, నాయుడుపేట సంతలో బేరమాడి కొని బండిమీద పంపింది. ఎవరింట్లోనైనా రోలుని నేలలో సగానికి పాతుతారు. మాది పాతలేదు. పొత్రం తిప్పితే రోలు కూడా తిరిగేది, తిరుగుతూ గడపదాకా నడిచేది. అందుకని నేనొక వైపు, తమ్ముడొక వైపు చతికిలబడి, అరికాళ్ళు రెండూ రోలుకి తన్నిపెట్టి కూర్చునేవాళ్ళం. చల్లటి రాయి, కాళ్ళమీద చిందే పిండి, పైన అమ్మ గాజుల చప్పుడు. అచ్చంగాయలు ఆడుకునే వేళకి పిలుస్తుందని సణిగేవాళ్ళమేగాని, అమ్మకి అంత దగ్గరగా కూర్చునే అదృష్టం మరెప్పుడుండేది? రోలు పాతించయ్యా అని అమ్మ అడగడం, కాగితం రానీ అని నాయన అనడం, వచ్చాక మళ్ళీ వచ్చే ఏటి సంగతేమిటని ఇద్దరూ ఊరుకోవడం ఏటా ఉండేదే.

ఒక ఉగాదికి కాగితం ఇంకా రాలేదు. నాయన పోస్టుమాను దారి చూస్తూ బంగళా మెట్లమీద కూర్చున్నాడు. ఇంట్లో బొబ్బట్లకి పూర్ణం రుబ్బుతుంటే రోలు మా కాళ్ళు తప్పించుకుని జారి, గడపకి కొట్టుకుని ఒరిగిపోయింది. పండగ పూర్ణమంతా మట్టిపాలు. అమ్మ కొంగు దోపుకుని, గడ్డపార తెచ్చి గది మూల తవ్వడం మొదలుపెట్టింది. చప్పుడికి నాయన పరుగెత్తుకొచ్చాడు. కాగితం రాకముందే ఇదేం పని అన్నాడు.

"పొమ్మంటే పెళ్ళగించుకొని పోదాంలే. ఉన్నన్నాళ్ళన్నా కదలకుండా రుబ్బుకుంటా" అంది అమ్మ.

నాయన ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుని తనే గుంట తవ్వాడు. ఆ పండక్కి మేం తిన్నది ఉగాది పచ్చడీ, అన్నమే. అయినా అంత కడుపునిండిన పండగ నాకింకోటి గుర్తులేదు. కాగితం ఆలస్యంగానైనా వచ్చింది.

కొన్నేళ్ళకి నాయన్ని పర్మనెంటు చేశారు. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టి వచ్చేలోగా నాయన ఆర్డరులో రెండో ముక్క కూడా చదివాడు. పని సంగంలో, పెన్న ఆనకట్ట దగ్గర. కంటింజెన్సీ వాణ్ణి ఎక్కడికీ కదిలించరు, పర్మనెంటు వాణ్ణి ఎక్కడికైనా వేస్తారట. సామానంతా బండికెక్కాక నాయన గడ్డపార పట్టుకుని రోలు దగ్గరికెళ్ళాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"ఉండనీయ్యా. వచ్చేవాళ్ళు గూడా కంటింజెన్సీనే గదా. ఆ బిడ్డన్నా కుదురుగా రుబ్బుకుంటుంది."

అమ్మమ్మ ఇచ్చిన రోలు అట్లా అక్కడే ఉండిపోయింది. బండిలో అమ్మ దారిపొడుగునా కళ్ళొత్తుకుంటూనే ఉంది.

సంగంలో మాకిచ్చిన ఇంటి తలుపు తీస్తే, వంటింటి మూల నేలలో పాతిన రుబ్బురోలు, పక్కనే పొత్రం. మాకు ముందున్న ఎవరో ఇల్లాలు వదిలిపోయింది. అమ్మ దాన్ని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఆ సాయంత్రమే పచ్చడికి కూర్చుంది. నేనూ, తమ్ముడూ ఎవరూ పిలవకుండానే చెరోవైపు చేరి కాళ్ళు తన్నిపెట్టాం. అమ్మ నవ్వింది. "తియ్యండమ్మా కాళ్ళు, ఇది కదలదు" అంది. తీశాం గాని, ఎక్కడ కూర్చోవాలో తోచలేదు.

ఇప్పుడు ఆ బంగళా లేదు, పోలమ్మ లేదు, గాలిని కంటింజెన్సీ అనేవాళ్ళు లేరు. అమ్మా లేదు. గ్రైండరు మార్చొద్దని కోడలికి చెప్పాను. పప్పు వేసి స్విచ్చి నొక్కి తన పని చూసుకోమన్నాను. జరగకుండా నేను చెయ్యి ఆనించి కూర్చుంటాను.