నాడి చూడటం తగ్గించిన మంచం

1963లో నేను హిందూపురంలో ఒక ఆసుపత్రిలో నర్సుని. గుండెజబ్బుతో మా వార్డులో చేరిన ప్రతివాడికీ గంటకోసారి పల్స్ చూడాలి. అంటే మణికట్టు పట్టుకుని నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్కపెట్టడం. పాపం, కన్ను మూతపడితే చాలు, మేము చెయ్యి పట్టుకుని లేపేసేవాళ్లం. జబ్బు తగ్గినా ఇంటికి వెళ్లేదాకా అదే వరస.

కొత్తగా వచ్చిన డాక్టరుగారు ఆ పద్ధతి మార్చారు. ప్రమాదం దాటినవాళ్లకు పొద్దునా సాయంత్రమూ చూస్తే చాలన్నారు. నేను పుట్టు అనుమానపు మనిషిని. పెనుకొండ నుంచి మా అమ్మ పంపిన నెయ్యిని కూడా వాసన చూసిగానీ ముట్టను. ఈయనకు పనంటే బద్ధకమేమోనని లోపల గొణుక్కుంటూనే తలూపాను.

అప్పుడు మా వార్డులో నాగప్ప అని ధర్మవరం నేతగాడు ఉండేవాడు. కీళ్లనొప్పులతో మొదలై గుండెకు సోకే రుమాటిక్ ఫీవర్ అతనిది. జ్వరం దిగింది, నాడి కుదురుకుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మాత్రం ఇంకా మిగిలాయి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టి గుండెను పాడుచేస్తుంది. అతనికి పల్స్ తగ్గించి, పక్క మంచంలో కొత్తగా చేరినాయనకు మాత్రం గంటగంటకూ చూస్తున్నాం.

ఆ వారంలోనే నాగప్ప భార్య రంగమ్మ తీరు మారింది. నేను వస్తే మాట ఆపేసేది. మంచం కింద ఒక మూట పెట్టి, ఊడ్చే ఆయాను కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. నాటుమందు దాచిందని నాకు గట్టి అనుమానం. ఏ వేరో ఏ భస్మమో తాగించి మనిషి పోతే నింద ఎవరి మీదికి వస్తుంది? ఒక పొద్దున మూట విప్పమని నిలదీశాను.

విప్పింది. కొత్త తెల్లపంచె, గంగాజలం చెంబు, కాసిని తులసాకులు. ఇవెందుకని అడిగాను.

"పక్కాయనకు గంటగంటకూ చూస్తాండారు. మా ఆయన కాడికి వచ్చేదే మానుకుంటిరి. ఇంగ లాభం లేదనే కదా సిస్టరమ్మా?" అంది. "ప్రాణం ఉండంగానే తీస్కపోతాం. ఈడ పోతే శవాన్ని ఇంట్లోకి రానీరు."

మధ్యాహ్నం రైలుకే ప్రయాణమట. నాగప్ప అన్నం ముట్టకుండా పైకప్పు వంక చూస్తున్నాడు. బాగుపడ్డ మనిషి చావుకు సిద్ధమై పడుకున్నాడు.

నయమైందని చెప్తే రంగమ్మ నమ్మలేదు. డాక్టరుగారొచ్చి చెప్పినా, పోయేవాళ్ల దగ్గర అందరూ అట్లే అంటారంది. ఆమెతో వాదించి ప్రయోజనం లేదని నాగప్ప వైపు తిరిగాను.

"మగ్గం మీద ఏ పోగును చూసుకుంటా ఉంటావప్పా? తెగేట్టుండేదాన్నా, గట్టిగుండేదాన్నా?"

అతను పైకప్పు మీంచి చూపు నా వైపు తిప్పాడు. "గట్టి పోగును ఊరికే తడిమితే నూగు లేస్తాది," అన్నాడు. తర్వాత లేచి కూర్చుని అన్నం పెట్టమన్నాడు.

రైలు వెళ్లిపోయింది, వాళ్లు వెళ్లలేదు. రంగమ్మకు మాత్రం నమ్మకం పూర్తిగా కుదరలేదు. మూట చివరి ఇంజెక్షన్ దాకా మంచం కిందే ఉంది.

ఆ తర్వాత ఎవరికి పల్స్ తగ్గించినా, పక్కన కూర్చుని ఎందుకు తగ్గిస్తున్నామో ముందే చెప్పేదాన్ని. మనం చూడటం మానితే రోగి ఇంకేదో అనుకుంటాడని నాకు నేర్పింది ఆ మూటే.

వెళ్లే రోజు నాగప్ప ఆ కొత్త పంచె కట్టుకున్నాడు. గేటు దగ్గర రంగమ్మ అతని చెయ్యి నా ముందుకు చాపి, ఒక్కసారి నాడి చూడమంది.

"చూడాల్సిన పనిలేదు," అన్నాను.

ఈసారి ఆ మాటకు ఆమె నవ్వింది.