బాగాన్ కెలాపా వైబీకి వేసిన కుర్చీ

నా ఉపన్యాసం విని జనం కడుపు పట్టుకుని నవ్వింది జీవితంలో ఒక్కసారే. అది హాస్యోపన్యాసం కాదు. పళ్లు కొరుకుతూ, బల్ల గుద్దుతూ, మెడ నరాలు ఉబ్బించి ఇచ్చిన ఉపన్యాసం. ఆ రోజు నా పరువు ఎలా మంటగలిసిందో ఏమీ దాచకుండా చెబుతాను. అయితే ఒక షరతు. నవ్వడం పూర్తయ్యాక మీరూ నాతోపాటు కోపం తెచ్చుకోవాలి. నవ్వేసి దులుపుకుని పోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అలాంటివాళ్లు ఎక్కువ కాబట్టే మా ఊరికి ఈ గతి పట్టింది.

అప్పట్లో నేను మలేసియాలోని ఇపో పట్నంలో బడిపంతుల్ని, హేతువాదిని. అలాంటిలాంటి హేతువాదిని కాదు, పెళ్లి పందిట్లో ముహూర్తం మీద చర్చ లేవదీసి అందరి విస్తళ్లలో అన్నం చల్లార్చే రకం. శుభలేఖ పంపిన బంధువులే వెంటనే ఫోన్ చేసి, "నీకు కుదరకపోతే రాకపోయినా ఏటీ అనుకోం లా" అనేవారు. ఇక్కడ మేం ఏ భాష మాట్లాడినా చివర ఆ 'లా' తగులుతుంది. కంటికి కనబడనిదాన్ని నమ్మను, రుజువు లేనిదాన్ని ఒప్పుకోను, ఇదే నా సిద్ధాంతం. ఈ వాక్యాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి. నేను మర్చిపోయాను.

నేను పుట్టింది సుంగై సుమున్ దగ్గర, మా పెద్దలు ఆంధ్ర నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డ ఒక కొబ్బరి ఎస్టేట్‌లో. మా ఎస్టేటు ఉన్న పార్లమెంటు నియోజకవర్గం పేరు బాగాన్ కెలాపా. మలయ్ భాషలో కొబ్బరి రేవు అని. అక్కడి ఎంపీని, మలేసియాలో అందరు ఎంపీల్లాగే, వైబీ, అంటే గౌరవనీయులు, అనేవాళ్లం. ఎస్టేటు ఇళ్లకీ మా శ్మశానానికీ మధ్య ఒక పరీట్ ఉంది. సముద్రపు పోటు నుంచి తోటల్ని కాపాడటానికి తవ్విన పెద్ద కాలువ అది. దాని మీద రెండు కొబ్బరి దుంగలు. శవాన్ని ఆ దుంగల మీద నడుస్తూ దాటించాలి. మోసేవాళ్లు వణికే వణుకు చూస్తే, ఎవరు ఎవర్ని సాగనంపుతున్నారో అర్థమయ్యేది కాదు.

మా అప్పలమ్మత్తకి, అంటే మా నాన్న చెల్లెలికి, మోకాళ్లు అరిగిపోయాయి. ఆవిడ భర్త రాములు మామ పరీట్‌కి అవతల మట్టిలో ఉన్నాడు. దుంగల మీద కాలు పెట్టలేక, ప్రతి శుక్రవారం ఇవతల గట్టు మీద కూర్చుని, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, అవతలికి కేకలేసి కబుర్లు చెప్పేది.

"ఏమయ్యా, ఇన్నావా! సిన్నదానికి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని ఇచ్చినారు!"

నేను ఊరుకుంటానా? "అత్తా, చనిపోయినవాళ్లకి వినబడదు. శాస్త్రీయంగా ఆలోచించు" అన్నాను.

"బతికున్నప్పుడు మాత్రం ఇన్నాడేటి?" అంది అత్త. తర్వాత దుంగల వైపు చూసి గొంతు తగ్గించింది. "నన్ను మోసుకెల్లే రోజున ఎలాగూ దాటుతాను. అంతకు ముందు ఒక్కపాలి నడిసి దాటాలిరా. అదే నా కోరిక."

హేతువాదికైనా గుండె ఉంటుంది. అక్కడికక్కడే మాటిచ్చేశాను. "అత్తా, ఆ బాగాన్ కెలాపా వైబీ మెడలు వంచి నీకు వంతెన కట్టిస్తాను!"

అత్త ఏదో అనబోయింది. నేను అననివ్వలేదు. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

మా సంస్కరణవాదుల పద్ధతి మీకు తెలుసుగా? ప్రత్యర్థిని తిట్టి వదిలేయకూడదు, బహిరంగ చర్చకు సవాలు చెయ్యాలి. మలయ్, తమిళం, తెలుగు మూడు భాషల్లో సవాలు రాసి, బాగాన్ కెలాపా టౌనుకి వెళ్లాను. బజారు వీధిలో వైబీ ప్రజాసేవా కేంద్రం బోర్డు ఉంది. రంగు వెలిసింది గాని పేరు చదవొచ్చు. షట్టర్ దించి ఉంది. పై అంతస్తులో మాత్రం కిచకిచమని మైకు మోగుతోంది. ఆ తీరంలో సూప్ కాచుకునే పిట్టగూళ్ల వ్యాపారం కోసం పిట్టల్ని పిలవడానికి అలా రికార్డు పెడతారు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రజలకి షట్టర్ దించి పిట్టలకి మేడ అద్దెకిచ్చాడే! సవాలు కాగితం షట్టర్‌కి అంటించి, జిగురు సరిగ్గా పట్టేలా పిడికిలితో గుద్ది మరీ వచ్చాను. ఆ షట్టర్ ఎందుకు మూసి ఉందని ఎదురు కొట్లో ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథే లేదు. మహావక్తలు ప్రశ్నలు అడగరు, జవాబులే చెబుతారు.

ఇక సభ ఎక్కడ? ఎస్టేట్‌లో నలుగురు కూర్చోగలిగే చోటు గుడి భోజనశాల ఒక్కటే. ఆ గుడి పూజారి మా సింహాద్రి బావ. చిన్నప్పటి నుంచీ నేను దేవుడు లేడంటాను, వాడు "అయితే పెసాదం ఒగ్గేయ్ లా" అంటాడు, నేను ఒగ్గను. మా స్నేహం అలా సాగుతోంది.

"చోటిస్తాను గాని, సెప్పులు బైట ఇప్పాల" అన్నాడు బావ.

"ఇది రాజకీయ సభ. గుడి కాదు."

"నేల గుడిదే గదా బావా."

చెప్పులు విప్పాను. వేదిక మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను, వైబీ కోసం. ప్రత్యర్థిని గౌరవించాకే ఖండించాలి కాబట్టి కుర్చీకి నేనే స్వయంగా బంతిపూల దండ వేశాను. పక్కన బల్ల మీద గులాబీ సిరప్ గ్లాసు, పళ్లెంలో అరటికాయ బజ్జీలు. ఎండగా ఉందని స్టాండు ఫ్యాను కూడా కుర్చీ వైపే తిప్పించాను. సింహాద్రి బావ గుమ్మంలో నిలబడి అదంతా చాలా శ్రద్ధగా చూశాడు. వాడి మొహంలో ఏదో వింత వెలుగు కనబడింది. నా వాదం తలకెక్కుతోంది కాబోలు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఎస్టేటు మొత్తం వచ్చింది. వైబీ రాలేదు. నాకు అదే కావాలి.

"రాలేదు! ఎందుకొస్తాడు? మొహం చెల్లుతుందా?" అని మొదలుపెట్టాను. "ప్రశ్నలు ఆఖర్న" అని కూడా గట్టిగా చెప్పాను. ఆపైన బాగాన్ కెలాపా చరిత్ర మొత్తం విప్పాను. స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన సీటు ఇది. మా తాత తన మొదటి ఓటు ఇక్కడే వేశాడు. ఎస్టేటు లారీలో కొబ్బరికాయల్ని కుదించినట్టు మనుషుల్ని కుదించి తీసుకెళ్లారట. మా తాత తెల్లచొక్కా వేసుకుని, ఈ దేశం ఇక నాది కూడా అనుకుంటూ వెళ్లి, వేలికి కొబ్బరినూనె వాసనతో ఓటేసి వచ్చాడు. "ఆ మొదటి వైబీ పడవలో వచ్చి వంతెన కట్టిస్తానన్నాడు! తర్వాతివాడు జీపులో వచ్చి కట్టిస్తానన్నాడు! ఆ తర్వాతివాడు ఏసీ కారు అద్దం కాస్త దించి, ఆ సందులోంచి కట్టిస్తానన్నాడు! బళ్లు మారాయి. దుంగలు మారాయా?"

"లేదు!" అన్నారు జనం.

"చచ్చినవాళ్లకి దీపాలు అక్కర్లేదు. బతికున్నవాళ్లకి వంతెన కావాలి! ఓ బాగాన్ కెలాపా వైబీ!" కుర్చీ వైపు తిరిగి వేలు చూపించాను. "మాట్లాడవేం? నోరు పడిపోయిందా? సిగ్గుతో తల దించుకున్నావా?"

కుర్చీ తల దించుకోలేదు. దానికి తల లేదు. ఫ్యాను గాలికి దండ మాత్రం అటూ ఇటూ ఊగింది. అదే ఒప్పుకోలు కింద తీసుకుని మరింత రెచ్చిపోయాను. పిట్టల మేడ సంగతి ఎత్తాను. బల్ల గుద్దితే ఒక బజ్జీ ఎగిరి ముందు వరసలో పడింది. గొంతు పోయేదాకా అరిచి, చెమట తుడుచుకుని, "ఇప్పుడు ప్రశ్నలు" అన్నాను, ప్రశ్నలేవీ మిగిలి ఉండవన్న ధీమాతో.

అప్పలమ్మత్త చెయ్యెత్తింది. "బాగా సెప్పినావు నాయనా. గొంతు ఎండిపోయుంటాది, ఆ సిరప్ తాగు. ఒకటడుగుతాను, కోప్పడకు. ఇంతసేపూ ఎవుల్ని తిట్టినావు?"

"బాగాన్ కెలాపా వైబీనత్తా!"

"ఆడి పేరేటి?"

పేరు! నాకు తెలీదు. నా ఓటు ఇపోలో. అయినా తడబడతానా? "వ్యక్తి పేరు ముఖ్యం కాదత్తా! పదవి ముఖ్యం!"

"పదవీ లేదు బావా," అన్నాడు వెనకనుంచి సింహాద్రి. "బాగాన్ కెలాపా ఎత్తేసినారు గదా. పోయిన ఎలచ్చన్ ముందే సీట్ల గీతలు మార్సినారు. మొన్న మేం ఓటేసింది వేరే సీటుకి."

"ఏటి?" అన్నాను. నా గ్రాంథిక గాంభీర్యం అంతా పారిపోయి, అమ్మ దగ్గర నేర్చుకున్న మాట బయటపడింది.

"అవును లా."

"మీ అందరికీ తెలుసా?"

అందరూ తలలూపారు. ముందు వరసలో బజ్జీ తింటున్న ముసలాయన కూడా.

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"సెప్పనిచ్చినావేటి?" అంది అత్త. "ఆ రోజు గట్టు మీద సెప్పబోతే మెడలు వంచుతానని ఎల్లిపోనావు. ఈ రోజు ప్రశ్నలు ఆఖర్న అన్నావు. పాత కథ సెప్తున్నావేమోలే అనుకున్నాం. బాగానే సెప్పినావు."

నా తెలివి సంగతి చూడండి. ఆ టౌన్లో బస్టాండు పేరు బాగాన్ కెలాపా, బడి పేరు బాగాన్ కెలాపా, పోలీస్ స్టేషన్ పేరు అదే. ఇన్ని బోర్డులున్నాక మనిషి ఉండడా అనుకున్నాను. గుడి ఉంది కాబట్టి దేవుడున్నాడు అనేవాళ్లని ఏళ్ల తరబడి వెక్కిరించిన నోరే ఇది!

సింహాద్రి బావ తాపీగా వేదిక దగ్గరికొచ్చాడు. "బావా, కుర్చీకి దండేసినావు. నైవేద్యం ఎట్టినావు. కనపడనోడిని పేరెట్టి పిలిసినావు. ఆడు పలక్కపోతే అరిసినావు. నాను రోజూ సేసే పనే గదా ఇది? కాపోతే నాకు మంత్రాలొచ్చు, నీకు తిట్లొచ్చు."

భోజనశాల కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఒకాయన లేచి ఆ ఖాళీ కుర్చీకి దండం పెట్టాడు. నేను సిరప్ తాగేశాను. ఇంకేం చెయ్యను?

సరే, నవ్వారు కదా. ఇప్పుడు రండి, కోపం వంతు.

మర్నాడు బావ నన్ను కారులో కొత్త సీటు వైబీ ఆఫీసుకి తీసుకెళ్లాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కొత్త మ్యాపు తీసి చూపించాడు. బాగాన్ కెలాపాని చీల్చి పక్క సీట్లకి పంచినప్పుడు, గీత సరిగ్గా మా పరీట్ మీదుగా గీశారు.

"గుడి వైపు మాది అంకుల్. శ్మశానం వైపు పక్క సీటుది."

"మరి వంతెన?"

"వంతెనంటే రెండు గట్ల మీదా ఉంటుంది కదా అంకుల్."

"నాయనా, వంతెనంటేనే అది!"

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వాడు. పక్క సీటు ఆఫీసుకి వెళితే అక్కడి అమ్మాయి ఇంకా మర్యాదగా చెప్పింది. "ఆ హామీ బాగాన్ కెలాపా వైబీలది. ఆ సీటే ఇప్పుడు లేదు."

విన్నారా? మనిషి చస్తే పూడ్చడానికి మేం దుంగల మీద వణుకుతూ నడవాలి. సీటు చస్తే మాత్రం అది ఇచ్చిన మాటలన్నీ దాంతోపాటే అనాయాసంగా పూడ్చేస్తారు. ఏ చల్లటి గదిలోనో కూర్చున్న ఎవరో ఒక గీత గీశారు. ఆ గీత కింద మా అత్త మోకాళ్లు ఉన్నాయని వాళ్లకి తెలీదు. తెలిస్తే పక్కకి జరుపుతారని నేననుకోను. మా తాత తెల్లచొక్కా వేసుకుని వేసిన ఓటు ఎటు పోయింది? ఆ ఆదివారం నేను తిట్టింది ఖాళీ కుర్చీనే, ఒప్పుకుంటాను. కానీ నిజం వైబీలు ఇద్దరూ వచ్చి అందులో కూర్చున్నా అది ఖాళీగానే ఉండేది.

వంతెన మేమే వేశాం. గుడి పాత షెడ్డు విప్పిన పలకలు బావ ఇచ్చాడు. ఫ్యాక్టరీ సెలవు పెట్టి వచ్చిన కుర్రాళ్లు దుంగల మీద పలకలు బిగించి, ఇనప గొట్టాలతో చేపట్టు పెట్టారు. నేను భారం సమంగా పడే సూత్రం వివరిస్తూ వెనక్కి ఒక అడుగేసి పరీట్‌లో పడ్డాను. నడుం లోతు బురద. "బావా, ఇప్పుడు నువ్వు ఏ సీట్లో ఉన్నావు?" అని పైనుంచి సింహాద్రి.

అత్త గొట్టం పట్టుకుని బయలుదేరింది. సరిగ్గా మధ్యలో ఆగింది. కళ్లు తిరుగుతున్నాయేమో!

"ఏటత్తా?"

"ఏం లేదురా. ఇక్కడ నాకు వైబీ ఎవులూ లేరు గదా?"

"ఎవరూ లేరత్తా."

"గాలి బాగున్నాది," అని నడిచి అవతలి గట్టు ఎక్కింది.

ఆవిడ ఎక్కువసేపు నిలబడలేదని సింహాద్రి బావ భోజనశాల నుంచి కుర్చీ మోసుకొచ్చాడు. అదే కుర్చీ. రాములు మామ సమాధి పక్కన వేస్తే అత్త అందులో కూర్చుని, చాలాసేపు, మొదటిసారిగా కేకలు పెట్టకుండా, మామూలు గొంతుతో మామతో మాట్లాడింది. చచ్చినవాళ్లకి వినబడదని నేను అనలేదు. నా నోటి నిండా బురద ఉందని చెప్పి తప్పించుకున్నాను.

లేవబోతూ అత్త నన్ను పిలిచింది. "ఆ రోజు ఈ కుర్చీని అంతలేసి మాటలన్నావు. ఇప్పుడు మనిసి కూసున్నాది. అడుగు, ఏటడుగుతావో."

"చెయ్యి పట్టుకో అత్తా, పలకలు తడిగా ఉన్నాయి" అన్నాను.

ఆ తర్వాతి దీపావళికి ఇద్దరు వైబీలూ పళ్లికిలించి శుభాకాంక్షలు చెబుతున్న బ్యానర్లు వచ్చాయి, ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి. వాటి తాళ్లు మా వంతెన చేపట్టుకే కట్టారు. కాబట్టి సకల మలేసియాంధ్ర జనుల సాక్షిగా, పరీట్ బురద మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక మీదట లోపల మనిషి ఉన్నాడని నిర్ధారించుకోకుండా ఏ కుర్చీనీ తిట్టను. కుర్చీలకీ పరువుంటుంది.