మిత్రబూజును నేనే చంపిన వైనం

పరువు పోగొట్టుకోవాలంటే చాలామందికి శత్రువుల సాయం కావాలి. నాకు అక్కర్లేకపోయింది. దివిసీమలో ఒక ఊరి రైతులందరినీ స్వయంగా పిలిచి కూర్చోబెట్టి, పట్టపగలు, వాళ్ల కళ్లెదుటే నా పరువు నేనే తీసుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వినా నేను చేసేదేమీ లేదనుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. వ్యవసాయ డిప్లొమా చేతికి రాగానే, మచిలీపట్నంలోని ఓ స్వచ్ఛంద సంస్థ నన్ను ఉద్యోగంలోకి తీసుకుని నాగాయలంక దగ్గర ఒక ఊరికి పంపింది. కూరగాయల రైతులకు ట్రైకోడెర్మా గురించి చెప్పడం నా పని. ట్రైకోడెర్మా అంటే ఒక మంచి బూజు. మట్టిలో దాగి నారును, వేళ్లను కుళ్లబెట్టే చెడ్డ బూజులను ఇది పట్టి తినేస్తుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నేను గంట తీసుకునేదాన్ని.

ఆ ఊళ్లో నాకు చోటిచ్చింది కోటయ్య మావయ్య, ఆయన భార్య. నాకు చుట్టాలేమీ కారు. బస్సు దిగిన పూటే వరసలు కలిసిపోయాయి, అంతే. మావయ్య ఏటా వంగతోట వేస్తాడు. ఆ ఏడు మాత్రం నారు మొలిచినట్టే మొలిచి, మొదలు మెత్తబడి, తాగినవాడిలా పక్కకు ఒరిగిపోయింది. మళ్లీ పోశాడు. మళ్లీ అదే తంతు.

"ఈసారీ పోయిందంటే ఈ ఏటికి వంగతోట లేనట్టేనమ్మా. అదును దాటిపోద్ది" అన్నాడు దిగులుగా.

"మీరు విత్తనం చల్లకుండా కొన్నాళ్లు ఆగండి మావయ్యా. నా బూజు తయారవ్వగానే మడిలో కలిపి, అప్పుడు చల్లుదురుగాని."

"బూజు పోవడానికి బూజు వేస్తావా?"

"అది వేరే బూజండీ. మంచిది."

"బూజుల్లో కూడా మంచీ చెడ్డా ఉంటాయటే?" అని అత్తయ్య బుగ్గన వేలేసుకుంది.

పాక పక్కన నీడలో చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి కుప్ప పోశాను. అందులో ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టాలు కప్పాను. కుప్పంతా పచ్చటి బూజు పట్టిందంటే సరుకు తయారైనట్టు. "పచ్చబడగానే కబురు పెడతాను, అందరూ రండి" అని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. పెళ్లిపిలుపులకు కూడా ఎవరూ అంత శ్రద్ధగా తిరగరు.

కొద్దిరోజులకు ఒక పొద్దున గోనె ఎత్తి చూద్దును కదా! కుప్ప మీద పచ్చ లేదు సరికదా, దూది పరిచినట్టు తెల్లటి బూజు! శత్రువు! నేను పెంచుకుంటున్న పసిదాని మీదికి పగవాడు దండెత్తి వస్తే చూస్తూ ఊరుకుంటానా? చున్నీ నడుముకు బిగించి నాగాయలంక పరిగెత్తాను. తెగుళ్ల మందు తెచ్చి, నీళ్లలో కలిపి, కుప్పను తిరగేసి మరీ తడిపాను. మర్నాటికి తెల్లదనం మాయం. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పీడ వదిలింది గాని, పచ్చ రాలేదు. రోజూ లేవగానే గోనె ఎత్తడం, ఉసూరుమనడం. అన్నం సహించేది కాదు.

"మడి సిద్ధం చేయమంటావా?" అని మావయ్య అడుగుతాడు.

"ఇంకొంచెం ఆగండి మావయ్యా" అంటాను, మొహం చూపించకుండా.

ఇంతలో మా ఆఫీసరుగారు చూడ్డానికి వస్తున్నట్టు కబురొచ్చింది. రైతులనూ పోగుచేయమన్నారు. తప్పక నేనే పిలిస్తే, ఆయన వచ్చే పూటకు అంతా పాక ముందు చేరారు. ఆ పొద్దున గోనె ఎత్తే ధైర్యం చాలని నేను, ఇష్టదైవాలందరికీ దండం పెట్టుకుని, కళ్లు మూసుకుని గోనె లాగేశాను.

పచ్చ! మామూలు పచ్చ కాదు, చిలకపచ్చ!

ఇక నన్ను పట్టేవాళ్లెవరు? కుప్ప పక్కన నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. "చూడండి, ఇదే రైతుకు ప్రాణమిత్రం! మొన్నటిదాకా కనబడలేదు, ఒక్క రాత్రిలో ఎలా విరగబడి పెరిగిందో చూడండి!"

"మరి అట్టా తళతళా మెరుస్తా ఉందేంటండీ?" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"ఆరోగ్యంగా ఉన్న బూజు మెరుస్తుందండీ" అన్నాను ఏమాత్రం తడుముకోకుండా.

గుమ్మంలోంచి అత్తయ్య నాకేవో సైగలు చేస్తోంది. మెచ్చుకుంటోందనుకుని, ఇంకాస్త గొంతు పెంచాను. ఆఫీసరుగారు వంగి, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపారు. వేళ్లు రెండూ పచ్చగా అయ్యాయి. వాసన చూశారు. నా వంక చూశారు.

"అయ్యా, అది నేను చల్లానండీ" అంది అత్తయ్య, ఇక ఆగలేక. "ముగ్గుల రంగు. పిల్ల తిండి మానేసి, పచ్చబళ్లేదు పచ్చబళ్లేదని ఒకటే దిగులండీ. పొద్దున్నే చూసుకుని కాస్త నవ్వుతుందని చల్లాను. చెబుదామనుకునేలోపే మీరంతా వచ్చేశారు."

అంతే! ఒక్కసారిగా ఎగసిన నవ్వుకు పాకలో గేదె తాడు తెంపుకున్నంత పని చేసింది. మావయ్య తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు, పాపం, నా మీద గౌరవం కొద్దీ.

"సరే, అసలు పచ్చ ఎందుకు రాలేదు?" అన్నారు ఆఫీసరుగారు. "మొదట్లో తెల్లగా ఏమైనా పట్టిందా?"

ఇక్కడైనా నా ప్రతాపం చూపించుకుందామని, "పట్టిందండీ! శత్రువని గుర్తుపట్టి, వెంటనే తెగుళ్ల మందు పోసి చంపేశాను" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, ట్రైకోడెర్మా పుట్టడం తెల్లగానే పుడుతుంది. ముదిరాక పచ్చబడుతుంది. నువ్వు చంపింది దాన్నే."

నేను నేలచూపులు చూస్తుంటే, ఇందాకటి ముందు వరస పెద్దమనిషి మెల్లగా లేచాడు. "అయితే ఆ మందు బాగా పని చేసిందన్నమాట. ఏ కొట్లో కొన్నారండీ?"

అందరూ వెళ్లాక, మావయ్య నన్ను తిట్టలేదు. "ఇంకో కుప్ప వెయ్యమ్మా, అదును ఇంకా కాస్త ఉందిలే" అన్నాడు. అప్పుడు మాత్రం నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసరుగారిచ్చిన పొడితో కొత్త కుప్ప వేశాం. తెల్లబూజు వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మెల్లమెల్లగా అదే పచ్చబడింది. మావయ్య దాన్ని మడిలో కలిపి విత్తనం చల్లాడు. అక్కడక్కడా కొన్ని ఒరిగినా, నారు చాలావరకు తలెత్తుకుని నిలబడింది. ఆ ఏడు ఆయన వంగతోట వేశాడు. నా గంట ఉపన్యాసాలు ఒక్కరికీ గుర్తులేవు గాని, ముందు తెలుపు, తర్వాత పచ్చ, మధ్యలో తెగుళ్ల మందు పొయ్యకూడదన్న సంగతి మాత్రం ఊరంతటికీ కంఠతా వచ్చేసింది.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట తెల్లగా కనబడిన దేన్నీ తొందరపడి చంపను. పచ్చగా కనబడిన దేన్నైనా ముందు వేలితో రుద్ది, ఇంట్లో ఆడవాళ్లను విచారించి, ఆ తర్వాతే ఉపన్యాసం మొదలుపెడతాను.