మిద్దె మీద శెనక్కాయ చెట్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా అమ్మను ఒప్పించి చూడు అని కూడా ఒక ముక్క కలిపి ఉంటే నేను ముందే జాగ్రత్తపడేదాన్ని.

అనంతపురంలో పన్నెండేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నాయన పోయినప్పటి నుంచి అమ్మ. చివరిగా ఉన్నది మూడో అంతస్తు, నెత్తిన సిమెంటు కప్పు. ఏప్రిల్ వచ్చిందంటే కుళాయి తిప్పితే టీ పెట్టుకునేంత వేడి నీళ్ళు. మధ్యాహ్నం పూట అమ్మ నేల మీద తడిగుడ్డ పరిచి, దాని మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, ఆ ఇల్లు కట్టినవాడిని, కట్టించినవాడిని, అందులో అద్దెకు దిగిన మమ్మల్ని వరసబెట్టి తిట్టేది. ఆ తిట్లు విని విని నాకు పట్టుదల పుట్టింది. బత్తలపల్లె దగ్గర నాయన వదిలి వెళ్ళిన మూడెకరాల శెనక్కాయ చేను ఉంది. దాని మూలన చల్లటి ఇల్లు కట్టాలి. ఆ మట్టితోనే కట్టాలి.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. నాకు కొంచెం ఎక్కువే తెలుసనుకునే జబ్బు ఉంది. మట్టి ఇళ్ళ గురించి ఆరునెలలు చదివాను, సెలవుల్లో రెండు మూడు ఇళ్ళు చూసి వచ్చాను. బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు అమ్మాయిని పిలిపించి నక్షా గీయించాను. ఎర్రమన్నులో కాస్త సున్నం, కాస్త సిమెంటు కలిపి యంత్రంలో అచ్చొత్తిన ఇటుకలతో గోడలు. వాటిని కాల్చే పని లేదు, కట్టెలు తగలేసే పని లేదు. పునాదికి మా చేలోని రాళ్ళు, నేలకు తాడిపత్రి బండలు. మిద్దె మీద పడిన ప్రతి చినుకూ భూమిలో తవ్విన తొట్టిలోకి. ఇదంతా ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని అమ్మకు ఉత్సాహంగా చెప్పాను.

అమ్మ ముద్ద కలపడం ఆపింది.

"మట్టిల్లా?"

"అవునమ్మా. ఎంత చల్లగా ఉంటుందో తెలుసా?"

"నాకు చెప్తాండావా? మట్టింట్లో పుట్టినా, మట్టింట్లో కాపురం చేసినా. యేటేటా ముంగారి వానలు రాకముందే మిద్దెకి చౌడు గంపలు మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు పోయినాయి. ఇదో, సూడు." తల వంచి చూపించింది. నిజంగానే పోయాయి. "ఇంత సదువు సదివించింది మళ్ళా మట్టింట్లోకి రమ్మనేకా? మీరు పోండి. నేను రాను. నేను పామిడికి మా తమ్మునింటికి పోతా."

మా మామది పామిడిలో రెండంతస్తుల ఇల్లు, ముందర నున్నటి టైల్సు, కిటికీలకు నల్ల అద్దాలు. అమ్మ అన్నదంటే ఉత్తుత్తికి అనదు. మర్నాడే ఫోన్ చేసి, మేము కొత్తింట్లో చేరే రోజు కారు తీసుకుని రమ్మని తమ్ముడికి చెప్పేసింది. ఆ మాట నా ముందరే, నాకు వినపడేంత గట్టిగా చెప్పింది. ఎవరు చల్లగా ఉండాలని ఇల్లు మొదలుపెట్టానో ఆవిడే ఉండనంటోంది.

అయినా మొదలుపెట్టాను. నేనూ ఆవిడ కూతుర్నే.

పని జరిగిన ఆ నెలలు నా జీవితంలో ఎంతో సంతోషంగా గడిచాయి. బడి వదలగానే బస్సెక్కి చేలోకి దిగేదాన్ని. మేస్త్రి అరవై దాటిన మనిషి, పాత మిద్దెలు కట్టిన చేయి. పదిహేనేళ్ళుగా అందరికీ సిమెంటు ఇళ్ళే కట్టి విసిగిపోయి, మా పని అనగానే అడ్వాన్సు కూడా అడగకుండా వచ్చేశాడు. ఇటుకల యంత్రం పిడి లాగడానికి ఇద్దరు కావాలి. అవతలి పక్క మా ఆయన వేలాడేవాడు. బ్యాంకులో కూర్చుని కూర్చుని పెరిగిన పొట్ట రెండు నెలల్లో తగ్గిపోయింది. గోడ నడుం ఎత్తు లేచిన రోజు పిల్లలు దాని నీడలో పడుకుని "అమ్మా, ఏసీ!" అని అరిచారు.

అమ్మ మాత్రం ఒక్కసారి కూడా అటు రాలేదు. కానీ నేను ఇంటికి రాగానే మన్ను అంటిన నా చీర కుచ్చిళ్ళ వైపు చూసేది. "ఆ మన్ను యా పక్కది?" అనేది. ఇంకో రోజు, "దూలాలు వేపవా, తుమ్మవా?" మరో రోజు, "మేస్త్రికి మిద్దె పని వస్తాదా, లేక వచ్చునని చెప్పుకుంటాండాడా?" నేను జవాబు చెబితే, "నాకెందుకులే, మీ ఇల్లు, మీ ఇష్టం" అని టీవీ వైపు తిరిగేది.

ఇక మిద్దె దగ్గర నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మా వైపు పాత ఇళ్ళకు కప్పు బల్లపరుపుగా ఉంటుంది. దూలాలు, వాటి మీద రాతి బండలు, బండల మీద మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడంటే గడ్డిపోచ కూడా మొలవని తెల్లటి చెడ్డ మన్ను. ఇంజినీరు అమ్మాయి కప్పు సంగతి వచ్చేసరికి నిజాయితీగా చేతులెత్తేసింది. "ఈ పాత పద్ధతి నాకు తెలియదు మేడమ్, మేస్త్రి చెప్పినట్టు చేయండి" అంది. మేస్త్రి చెప్పాడు కూడా.

"చౌడు తెప్పియ్యమ్మా. రెండు ట్రాక్టర్లు చాలు."

నాకు నచ్చలేదు. చౌడులో ఉండేవి లవణాలు. లవణాలు గోడల్ని తింటాయని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే కదా. పైగా ఇంత అందమైన ఇంటి నెత్తిన ఆ పాడుమన్నా? మా చేలో బంగారం లాంటి ఎర్రమన్ను పెట్టుకుని? నాయన ముప్పై ఏళ్ళు ఎరువు తోలి బాగుచేసుకున్న మన్ను అది. ఆ మన్నే తోలించాను, జల్లెడ పట్టించాను, తడిపి దిమ్మిసలతో కొట్టించాను. మేస్త్రి రెండోసారి చెప్పబోతే రసాయన శాస్త్రం మొదలుపెట్టాను. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "నీ ఇల్లు, నీ ఇష్టం తల్లీ" అన్నాడు. ఇంట్లో అమ్మదీ అదే మాట, ఇక్కడ ఈయనదీ అదే మాట. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

తొలివాన పడింది. అనంతపురంలో వాన పడితే పనిపాటలు ఆపి జనం వీధుల్లోకి వస్తారు. మేమూ బండేసుకుని చేలోకి వెళ్ళాం, తొట్టిలోకి నీళ్ళు దూకడం చూడాలని. నీళ్ళు తొట్టిలోకి కాదు, నట్టింట్లోకి దూకుతున్నాయి. వంటింట్లో రెండు చోట్ల, హాల్లో మూడు చోట్ల. కొత్త గోడల మీద ఎర్రటి చారలు. మా ఆయన ఏమీ అనకుండా సిమెంటు బక్కెట్లు తెచ్చి ఒక్కొక్కటే పెట్టాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది, పోట్లాడుకుని తేలికపడేదాన్ని. ఇంటికి వచ్చాక "ఇల్లు తడిసిందా?" అని అమ్మ అడిగితే, "బాగుందమ్మా" అని అబద్ధమాడాను. ఇప్పుడు చెబితే ఇక పామిడి ఖాయం.

వారం తర్వాత ఆదివారం పొద్దున మేస్త్రి ఫోన్ చేశాడు. నేను దోసెలు పోస్తూ స్పీకర్లో పెట్టాను.

"ఏమమ్మా, మిద్దె మీద పంటొచ్చినాది. వచ్చి సూసుకోపో."

"ఏం పంట మేస్త్రన్నా?"

"ఇంకేమి పంట? శెనక్కాయే."

పక్కన అమ్మ పచ్చడి నూరుతోంది. చేయి ఆగింది. "యా మన్ను పోయించినావే మిద్దెకు?" అంది మెల్లగా. నేను చెప్పాను. అమ్మ లేచి చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది.

"పద."

అలా అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. లోపలికి తొంగి కూడా చూడలేదు. నేరుగా బయటి రాతిమెట్లు ఎక్కి పైకి పోయింది. వెనకాల నేను, నా వెనకాల మేస్త్రి. జల్లెడలో మిగలకుండా తప్పించుకున్న పోయినేటి చిన్న గింజలు ఎన్నో గానీ, మిద్దె నిండా అక్కడక్కడా లేత పచ్చటి మొక్కలు. ఒక్కటి కూడా వాడలేదు. అమ్మ పిట్టగోడ పట్టుకుని చూసింది. చూసి, నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత కొంగు వదిలేసి.

"మీ నాయన ముప్పై యేండ్లు ఆ చేన్లో ఇత్తనమేసి వాన కోసం మోడం పక్క సూసినాడే! మొలిస్తే ఎండిపాయ, ఎండకుంటే పురుగు తినిపాయ. నువ్వు మిద్దె మీద మొలిపిచ్చినావు గదే!"

నవ్వి నవ్వి కూలబడింది. మేస్త్రి కూడా నవ్వాడు. నాకు సిగ్గు, ఆ సిగ్గులోనే నవ్వు. నాయన పోయిన తర్వాత అమ్మ అట్లా నవ్వగా నేను చూడలేదు. ఇల్లంతా కారిపోయినా ఫరవాలేదనిపించింది ఆ క్షణం.

కళ్ళు తుడుచుకున్నాక గొంతు మారింది. "మంచి మన్ను చెట్టుకి, చెడ్డ మన్ను మిద్దెకి. చెట్టును బతికిచ్చే మన్ను నీళ్ళు తాగుతాది. చౌడు తాగదు. ఇది కూడా తెలీకుండా పిల్లోళ్ళకు ఏం సదువు చెప్తాండావే?"

ముంజేతి కంకణానికి అద్దమెందుకు? పాదాల కింద మొక్కలే సాక్ష్యం చెబుతున్నాయి. తడవగానే ఉబ్బి సందులన్నీ మూసుకునే మట్టి గురించి నేను పుస్తకంలో చదివాను కూడా. అది మా ఊరి చౌడేనని తట్టలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదు మరి.

మర్నాడు నేను సెలవు పెట్టాను. అమ్మను ట్రాక్టర్లో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి చౌడు వేటకు బయలుదేరాం. తెల్లగా కనిపించిన చోటల్లా అమ్మ దిగి, చిటికెడు మన్ను తీసి నాలిక్కి రాసుకుని, తుపుక్కున ఉమ్మేది. "ఇది ఉత్త ఉప్పు. ఉప్పు వేరు, చౌడు వేరు." ఇంకో చోట, "దీంట్లో ఇసక ఎక్కువ." బత్తలపల్లె దాటాక మూడో చోట ఉమ్మడం మానేసి ఆలోచించింది. నీళ్ళు పోసి రెండు వేళ్ళ మధ్య రుద్దింది. సబ్బులాగా జారింది. "ఇదే. నాలిక్కి చురుక్కుమంటాంది." నాకూ రుచి చూపించింది. చురుక్కుమంది నిజమే. ఆ చేను మనిషి వచ్చి, "ఏమక్కా, ఈ దరిద్రపు మన్ను ఎందుకు మీకు? ఎంత కావాలన్నా తోలుకోండి, పుణ్యముంటాది" అని తనే పార అందించాడు.

ఎర్రమన్ను దించేశాం. ఆ మొక్కల్ని పారేయడానికి అమ్మ ఒప్పుకోలేదు, గోడ పక్కన నాటించింది. చౌడు పోసిన రెండు రోజులూ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని పెత్తనం చేసింది. గంప మాత్రం ముట్టలేదు. "ఏమప్పా మేస్త్రీ, వాటం ఆ మూలకి పెట్టు. నీళ్ళు నిలబడితే మిద్దె చెడిపోతాది" అని కిందినుంచే కేకలు. మేస్త్రి "సరే పెద్దక్కా" అనేవాడు, నా మాటకు ఏనాడూ అంత వినయం చూపలేదు.

ధైర్యం చేసి రెండో రోజు సాయంత్రం అడిగాను. "అమ్మా, ఇక మాతోనే ఉంటావు కదా?"

"చౌడు పోయించినానని ఇంట్లోకి వస్తానంటినా? ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు." అంతే. మర్నాడు తన ట్రంకు పెట్టె సర్దుకుంది.

గృహప్రవేశం రోజు పాలు పొంగాయి, చుట్టాలు తిన్నారు, పిల్లలు బండల మీద జారారు. నేను నవ్వుతూ వడ్డిస్తున్నానే గానీ, చూపంతా వాకిట్లో ఉన్న మామ కారు మీదే. ట్రంకు పెట్టె అప్పటికే అందులోకి ఎక్కేసింది. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మబ్బు పట్టింది. చూస్తుండగానే దబదబా వాన.

మేమందరం తలలెత్తి నిలబడ్డాం. అమ్మ హాలు మధ్యలో బండల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఒక్కొక్క దూలం వెంట చూపు నడిపించింది. నేను వంటింట్లోకి పరుగెత్తి చూశాను, మళ్ళీ హాల్లోకి వచ్చాను. ఒక్క చుక్క లేదు. బయట గొట్టంలోంచి తొట్టిలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. మా ఆయన తెచ్చిపెట్టుకున్న ఖాళీ బక్కెట్టును బోర్లించి దాని మీదే కూర్చున్నాడు.

వాన తగ్గింది. మామ లేచి కారు తాళాలు తీశాడు. "అక్కా, పోదామా? మళ్ళా పట్టుకుంటే రోడ్డు కనపడదు."

అమ్మ లేవలేదు. "నువ్వు పోప్పా."

"అదేందక్కా? పెట్టె కార్లో ఉండాది గదా."

"దించు." కప్పు మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "చౌడు యేటేటా పోయాల. దీనికేమి తెలుసు? నేను యాడికని వస్తా?"

మామ నోరు తెరిచి నా వైపు చూశాడు. చేతిలో ఉన్న పళ్ళెం అక్కడే పెట్టి, పిల్లల ముందే, మామ ముందే భోరున ఏడ్చేశాను. అమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. తన కోసం కట్టించిన గదిలోకి మొదటిసారి పోయింది. లోపల ఏదో బరబరా లాగిన చప్పుడు.

"ఏమే, ఏడుపు మళ్ళా ఏడుద్దువు గానీ, ఈడికి రా. ఈ మంచం కిటికీ కిందికి జరుపు. గాలి ఈ పక్కనుంచి వస్తాంది."