ఆగ్నేయంలో పెట్టిన కంప్యూటర్

మా ఆయన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చేటప్పుడు బంగారం తేలేదు, గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. దుప్పటి మడతల్లో చుట్టి తెచ్చి, పసిపిల్లను దించినట్టు మంచం మీద దించాడు. మిగతా సామాను హైదరాబాదు నుంచి తెప్పించి, ఇంటి ముందు షట్టరు గదిలో తనే గేమింగ్ పీసీ బిగించాడు. అది బాగా నడిస్తే అలాంటివి ఇంకొన్ని బిగించి ఆర్మూర్‌లోనే గేమింగ్ సెంటర్ పెడతానని, మళ్లీ గల్ఫ్ మొహం చూడనని అన్నాడు. ఆ మాట కోసం పెళ్లైనప్పటి నుంచి కాచుక్కూర్చున్నదాన్ని. ఆ డబ్బా మీద ఆయనకంటే నాకే ఆశ ఎక్కువ.

పక్కింట్లో ఉండే పెద్దమామ, అంటే మా మామ అన్న, కొబ్బరికాయ కొట్టడానికి వచ్చి గది నాలుగు మూలలూ చూశాడు.

"కరెంటు సామాను ఆగ్నేయంల ఉండాలె. గీడ పెడితె అచ్చిరాదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. టేబుల్ ఆగ్నేయ మూలకు, కిటికీ కిందికి జరిగింది. ఆ కిటికీ అవతలే పెద్దమామ పసుపుకొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము ఉంది. అది తిరిగే రోజుల్లో మా వంటింటి గిన్నెలు కూడా పచ్చబడతాయి. అలవాటైపోయి అది దుమ్మని మాకెవరికీ అనిపించదు.

ఆయన స్ట్రెస్ టెస్టు పెట్టేవాడు. కంప్యూటర్‌ను శక్తికొద్దీ ఉరికించి, తట్టుకుంటుందో లేదో చూడటమన్నమాట. మొదట్లో బాగానే తట్టుకుంది. తర్వాత్తర్వాత, టెస్టు పెట్టిన కాసేపటికే తెర నల్లబడి మొత్తం ఆగిపోయేది. ర్యాములు ఒక్కొక్కటే తీసి చూశాడు. డ్రైవర్లు మార్చాడు. ప్రాసెసర్ మీది పేస్టు తుడిచి కొత్తది రాశాడు. టెంపరేచర్ చదివి చెప్పడం నా పని.

"డెబ్బై," అనేదాన్ని.

"మంచిగనే ఉన్నది గదా, మరెందుకు బందైతున్నది?" అని నన్నే నిలదీసేవాడు, నేనేదో స్విచ్ ఆపినట్టు.

మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పెద్దమామ మాత్రం రోజూ వచ్చి, "అచ్చిరాలే బిడ్డా, పోయి నౌకరి చూసుకో," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. చివరి రోజుల్లో మా ఆయనకు కోపం రావడం కూడా మానేసింది. టెస్టు పెట్టడం, ఆగిపోగానే లేచి బయటికి వెళ్లడం, అంతే. విసిగిపోయాడనుకున్నాను. సెలవు అయిపోయింది, వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక ఆ గది ఊడుస్తూ కేబినెట్‌ను పక్కకు వాల్చాను. అడుగున, కరెంటు అందించే పవర్ సప్లై గాలి పీల్చుకునే చోట, సన్న జాలీ ఫిల్టర్ ఒకటి ఉంది. దాని నిండా పసుపు, గోడకు అలికినట్టు గట్టిపడింది. నేను చదివిన డెబ్బై ప్రాసెసర్‌ది, పవర్ సప్లై వేడి తెర మీద కనబడదు; అది ఊపిరాడక ఆగిపోయేదన్నమాట. జాలీ కడిగి, ఆరబెట్టి, టేబుల్‌ను ఎదుటి మూలకు లాగి, ఆయన పెట్టినట్టే టెస్టు పెట్టాను. వంట చేసి వచ్చాను, నడుస్తోంది. బట్టలు ఆరేసి వచ్చాను, నడుస్తూనే ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"కిందున్న జాలీ పసుపుతోటి మూసుకపోయింది. కడిగిన. ఇప్పుడు అస్సలు ఆగుతలేదు. ఇగ వాపస్ రావొచ్చు."



"అది నేను పోకముందే చూసిన," అన్నాడు.

"మరి కడగలేదేంది?"

"కడిగితే నడుస్తది గదా. నడిస్తే సెంటర్ పెట్టాలె. పెట్టినంక గిరాకి రాకపోతే? భయమైంది. తప్పు దాని మీదికి నూకి వచ్చేసిన."

గదిలో ఫ్యాన్లు హోరుమంటున్నాయి.

"నాకన్న చెప్పొద్దా?" అన్నాను.

"నీకు చెప్తే ఉండుమంటవు."