ఈస్టర్‌కు ముందురోజు హెడ్‌లైట్లు

మా కారు హెడ్‌లైట్లకు కాలం దగ్గర పడిందని నాకు ఆర్నెల్ల ముందే తెలుసు. కుడివైపుది మినుకుమినుకుమనేది, ఎడమవైపుది ఉత్త గుడ్డిదీపం. చీకటిపడితే కారు తీయకుండా నెట్టుకొచ్చాం. నేను లింగాల దగ్గరి బడిలో టీచరుని. పొద్దున పోయి, ఎండ ఉండగానే పులివెందులలో ఇల్లు చేరతాను. మా ఆయనది తుమ్మలపల్లె గనిలో పని. షిఫ్టు బస్సు సందు చివరికే వస్తుంది. ఇక లైట్ల అవసరం ఎవరికి? "రేపు చూద్దాం లే" అనే మాట మా ఇంట్లో ఉప్పులాగా అన్నిట్లోనూ పడుతుంది.

ఆ అవసరం మా అత్తకు వచ్చింది.

మా మామ పోయినప్పుడు ఆమె తుంటి ఎముక విరిగి ఆస్పత్రి మంచం మీద ఉంది. కదిపితే ప్రమాదమన్నారు డాక్టర్లు. ఆయన్ను జమ్మలమడుగులో వాళ్ళ పెద్దల పక్కనే భూస్థాపన చేశాం. ఆమె చూడలేదు. ఫోన్లో వీడియో చూపిస్తామంటే ముఖం గోడవైపు తిప్పుకుంది. చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టగానే అడిగిన మొదటి కోరిక, "ఈస్టర్‌కు నన్ను ఆయన కాడికి తీసుకపోండి" అని.

మా సంఘంలో ఈస్టర్ చర్చిలో మొదలవదు, సమాధుల తోటలో మొదలవుతుంది. ముందురోజే సమాధులకు సున్నం కొడతారు. తెల్లవారుజామున చీకటి ఉండగానే పోయి, ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తి వెలిగించి నిలబడతారు. పొద్దు పొడిచేసరికి పాటలు, ప్రార్థన అయిపోతాయి. మనిషి పోయిన తర్వాత వచ్చే మొదటి ఈస్టర్‌కు ఆ కొవ్వొత్తి భార్య చేత్తోనే వెలగాలని మా వాళ్ళ పట్టింపు. పొద్దెక్కాక పోతే పోయినట్టే కాదు.

అంటే చీకట్లో బయల్దేరాలి. ముందురోజే పోయి పడుకుందామంటే, అక్కడి చుట్టాల ఇళ్ళలో ఆమె కూర్చోగలిగే మరుగుదొడ్డి లేదు. పోనీ బాడుగ కారు మాట్లాడదామన్నాను.

"ఆయన కొన్న కారు వాకిట్లో పెట్టుకోని, ఆయన కాడికి బాడుగ బండిలో పోవాల్నా? నేను పోను" అంది.

అందులో తర్కం ఏముందని అడగబోయి, ఆమె ముఖం చూసి బాడుగ మాట వదిలేశాను.

మా మెకానిక్కేమో పెళ్ళికని కదిరి పోయాడు, షాపుకు తాళం. మా ఆయన ప్రొద్దుటూరుకు పోయి ఎల్‌ఈడీ బల్బుల జత పట్టుకొచ్చాడు. "ఇదేమన్నా రాకెట్టా? ఇంట్లోనే ఎక్కిచ్చుకుందాం" అన్నాడు. శనివారం మధ్యాహ్నం బానెట్ ఎత్తాం. నా చెయ్యి సన్నం కాబట్టి లోపలికి దూర్చే పని నాది. బయట నిలబడి చెప్పే పని ఆయనది. ఆ పని ఆయనకు బాగా వచ్చు.

లైటు వెనకాల రబ్బరు మూత ఏళ్ళ తరబడి అంటుకుపోయి ఉంది. పీకి పీకి గోరు విరిగింది. "నిదానంగా మే, నిదానంగా" అంటాడాయన, ఏదో నేను పరుగు పందెంలో ఉన్నట్టు. చివరికి పాత బల్బులు బయటికొచ్చాయి, గాజంతా మసి. కొత్తవి బలే ముద్దుగా ఉన్నాయి. వెనక చిన్న ఫ్యాను, ముందు వెలుగిచ్చే పసుపుపచ్చ చుక్కలు, వాటిలో కొన్నిటి కింద ఒక బుల్లి గిన్నె. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది మే, గిన్నె కిందికి పెట్టినారు? ఎలుగంతా దాంట్లోనే పడిపోతే రోడ్డు మీద ఏం పడుతుంది? పైకి తిప్పాల. అప్పుడే కిందికి కొడుతుంది, ఎదురొచ్చేటోని కండ్లల్లో పడదు."

గని మనిషి మర్యాద అది. లోపల ఎదురుపడిన వాడి ముఖాన టోపీ లైటు కొట్టకూడదట, తల వంచి మాట్లాడాలట. ఇంట్లో కరెంటు పోయినా ఆయన టార్చి నేల చూస్తూనే ఉంటుంది. ఎవడో ముక్కూముఖం తెలియని లారీ డ్రైవరు కళ్ళ మీద అంత దయ పుట్టి, బల్బు నడుముకున్న రింగు స్క్రూ వదులుచేసి, రెండింటినీ తలకిందులు చేసి ఇచ్చాడు. నేను బిగించాను. పట్టపగలు కాబట్టి వెలుగుతున్నాయని తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆయన అన్నం తిని బస్సెక్కాడు. ఈస్టర్ పగలంతా ఇంట్లో ఉండాలని రెండు షిఫ్టులు కలిపి ఒప్పుకున్నాడు. కారు నడపాల్సింది నేనే.

మసకచీకటి పడ్డాక ఒకసారి చూద్దామని లైట్లు వేశాను. మా గేటు చీకటి. గేటు ముందర రోడ్డూ చీకటే. ఎదురింటి మిద్దె మాత్రం పట్టపగలైంది. తీగ మీద ఆరేసిన లుంగీ గళ్ళతో సహా కనపడింది. పైనుంచి ఎదురింటి సాయిబు మామ పిట్టగోడ మీద వంగి కేకేశాడు.

"ఏందమ్మా! మా మిద్దె మీద ఏమన్నా పెండ్లి పెట్టినావా?"

నాకు కోపం నషాళానికంటింది. ఫోన్ చేస్తే, గనిలో దిగిన మనిషికి సిగ్నల్ ఎక్కడ? తిట్టడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఆ కోపం ఎక్కడ పోసుకోవాలి? కారు టైరును ఒక తన్ను తన్నాను. కాలివేలు నొప్పెట్టడం తప్ప ఒరిగిందేమీ లేదు.

మా అత్త వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లచీర అప్పటికే ఇస్త్రీ చేసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏమైంది?" అంది.

"లైట్లు ఆకాశానికి కొడతాండాయి అత్తా. దావ కనపడదు. ఎదురొచ్చేటోనికి కండ్లు బైర్లు కమ్ముతాయి. నాకు భయమైతాంది. పొద్దు పొడిచినాంక పోదాం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె ఒళ్ళోని చీర తీసి పక్కన పెట్టింది.

"మట్టి పెట్టేటప్పుడుగూడ రానీకపోతిరి. ఇప్పుడుగూడనా?"

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. తర్వాత ఆమే అడిగింది.

"డబ్బాలోంచి తీసినప్పుడు ఎట్లుండె?"

"గిన్నె కిందికి ఉండె. నీ కొడుకే పైకి తిప్పినాడు."

"వాడు తిప్పితే నువ్వు మల్ల తిప్పు. చేసినోళ్ళు తెలీక పెట్టినారా?"

ఓరి దేవుడా, అంతే కదా! రోడ్డు మీద వెలుతురు వేసేది బల్బు కాదు, దాని వెనకున్న అద్దం. వెలుగు పైకి పోయి అద్దం పైభాగానికి తగిలితేనే కిందికి దిగుతుంది. ఏటేటా పిల్లలకు బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చెప్పే పాఠమే, ఇంటి వాకిట్లో తట్టలేదు. సాయిబు మామ కిందికొచ్చి ఫోన్ టార్చి పట్టుకున్నాడు. "నీ మొగుడు మంచోడే పాపా, రవ్వంత ఎక్కువ మంచోడు" అని నవ్వుతూనే ఉన్నాడు. నేను మళ్ళీ చెయ్యి దూర్చి, రెండూ తీసి, రింగులు సరిచేసి బిగించాను. లైటు వేశాను. వెలుగు గేటు సగం దాకా వచ్చి గీత గీసినట్టు ఆగింది. పైన చీకటి, కింద రోడ్డు మీద గులకరాయి కూడా కనపడుతోంది. హమ్మయ్య! నేను గట్టిగా ఏడవబోయి నవ్వాను.

చీకటితోనే బయల్దేరాం. తొండూరు దాటాక మలుపులో రోడ్డంతా గొర్రెల మంద. దూరం నుంచే వాటి కళ్ళు మెరిసి కనిపించాయి, తీరుబడిగా ఆపుకున్నాను. పాత లైట్లతో వచ్చి ఉంటే వాటి మీదికే పోయేదాన్ని. ఎదురొచ్చిన లారీల్లో ఒక్కటీ డిప్పర్ కొట్టి తిట్టలేదు.

జమ్మలమడుగు చేరేసరికి ఇంకా చీకటే. కొత్త సున్నంతో సమాధులన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకుని వరుసల మధ్య నడిపించాను. ఒకచోట ఆగి, చుట్టూ చూసి, చిన్నగా అడిగింది.

"మాదేది?"

అంతకాలం కాపురం చేసిన మనిషి ఎక్కడున్నాడో ఆమెకు నేను చూపించాల్సి వచ్చింది. చూపించాను. కొవ్వొత్తి తనే వెలిగించింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ తెల్లటి సున్నం మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమయ్యా, నేను రాలేదని తప్పు పట్టాకు. నన్ను లేవనీలేదు వీళ్ళు. ఇప్పుడొచ్చినా."

అవతల పాస్టరు గారు "క్రీస్తు లేచెను" అన్నారు. అందరూ "నిజముగా లేచెను" అన్నారు. ఆమె అనలేదు. ఆయనకు చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. తుంటి నొప్పి, మందుల చేదు, కొడుకు మొండితనం, అన్నీ ఒకటొకటే చెబుతూ, మధ్యలో ఎక్కడో ఏడవడం మొదలుపెట్టింది. ఆయన పోయినప్పటి నుంచి ఆమె కంట చుక్క నీరు రాలేదు. మేం లోపల్లోపల భయపడుతూనే ఉన్నాం. పొద్దు పొడిచింది, జనం లేచి పోతున్నారు, ఆమె ఏడుస్తూనే ఉంది. నేను ఆపలేదు. పక్కనే నేల మీద కూర్చున్నాను. నా ప్రాణం కుదుటపడింది.